నచూసా గడ్డిభూములు: సందర్శకుడిగానూ వాలంటీరుగానూ ఒక సమీక్ష

ఇలినాయ్ రాష్ట్రంలో, షికాగోకు పడమరగా సుమారు వంద మైళ్ళ దూరంలో, ఫ్రాంక్లిన్ గ్రోవ్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న నచూసా గ్రాస్‌లాండ్స్‌ను, బైసన్లను (అమెరికా అడవిదున్నలను) చూపించే పార్కుగా ఎంచితే ఐదింటికి మూడు మార్కులకు మించి వేయలేను. అదే చోటును, ఎవరైనా ఒక శనివారం ఉదయం వెళ్ళి చేయి కలపగల పనిగా ఎంచితే ఐదింటికి నాలుగున్నర వేయడానికి నాకు సంకోచం లేదు. షికాగో పరిసరాలలోని మన తెలుగు కుటుంబాలలో చాలామంది బైసన్ల ఫొటోలు చూసి, పిల్లలను కారెక్కించుకుని, అరోరా బాలాజీ గుడిలో దర్శనం చేసుకుని అటునుంచి అటే మరో గంటకు పైగా ప్రయాణించి అక్కడికి చేరుతున్నారు. కంచెకు అవతల ఎక్కడో దూరాన నల్లటి చుక్కల్లాగా కనిపించే మందను చూసి, లేదా అదీ చూడలేక, ఉసూరుమంటూ తిరిగి వస్తున్నారు. వారు వెళ్ళిన చోటు మంచిదే గాని, అక్కడ దొరికేదేమిటో వారికి ముందుగా చెప్పినవారు లేరు.

ఈ భూమి ద నేచర్ కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థది. ఆ సంస్థ 1986లో ఇక్కడ మొదటి భూమిని కొన్నది. తరువాత చుట్టుపక్కల మొక్కజొన్న, సోయా చేలను ఒక్కొక్కటిగా కొంటూ, వాటిని తిరిగి ప్రెయిరీగా, అంటే ఇక్కడి సహజమైన గడ్డిభూమిగా మారుస్తూ, నేటికి దాదాపు నాలుగు వేల ఎకరాలకు చేర్చింది. ఒకప్పుడు ఇలినాయ్‌లో రెండు కోట్ల ఎకరాలకు పైగా ప్రెయిరీ ఉండేదని, 1970లలో రాష్ట్రమంతటా సర్వే చేసినప్పుడు చెడకుండా మిగిలినది రెండున్నర వేల ఎకరాలకు లోపేనని తెలిస్తే, నాలుగు వేల ఎకరాలంటే ఇక్కడ ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది. ఆ నేలను దున్నడానికి వీలు కల్పించిన ఉక్కు నాగలిని జాన్ డీర్ 1837లో తయారు చేసినది కూడా ఈ పక్కనే, గ్రాండ్ డీటూర్ అనే పల్లెలో. మనిషెత్తు గడ్డి వేళ్ళు దట్టంగా అల్లుకున్న, జిగురైన నల్లనేల పాత ఇనుప నాగళ్ళకు అంటుకుపోయేది. నున్నని ఉక్కు కర్రుకు అంటకుండా జారిపోయింది. ఆ తరువాత కొద్ది దశాబ్దాలలోనే ప్రెయిరీ దాదాపు మొత్తం పొలమైపోయింది.

నచూసాలో ఏదైనా మిగిలిందంటే అది రాళ్ళ చలవ. ఇక్కడి గుట్టల మీద ఇసుకరాతి పొర పైకి తేలి, దాని మీద మట్టి పలుచగా ఉండడం వలన నాగలి ఎక్కలేదు. రైతులు వాటిని పశువుల మేతకు వదిలేశారు. అలా బతికిన గుట్టల నడుమ పల్లపు నేలలు మాత్రం చేలైపోయాయి. కాబట్టి ఇక్కడ జరుగుతున్న పని ఒక్క మాటలో చెప్పాలంటే, గుట్టల మీద మిగిలిన మొక్కల విత్తనాన్ని ఏరి, కింది చేలలో చల్లి, విడిపోయిన తునకలను మళ్ళీ కలపడం.

వినడానికి ఇది చాలా తేలికగా ఉంటుంది. చేయడంలో ఉన్న ఓపిక, లెక్క, వాదోపవాదాలు వాలంటీరుగా వెళితే గాని తెలియవు. ఈ పనిలో సంస్థ జీతమిచ్చే సిబ్బంది కొద్దిమందే. వేసవిలో కొందరు కుర్రవాళ్ళు కొన్ని నెలల పనికి వస్తారు. మిగిలిన బరువంతా స్థానికులైన వాలంటీర్లది. వారిలో కొందరు ఒక్కొక్క భూభాగాన్ని తమ బాధ్యతగా తీసుకుని, ఏళ్ళ తరబడి దానిని కనిపెట్టుకుని ఉంటారు. వారిని స్టివార్డులు అంటారు. ఏ మూల ఏ కలుపు తల ఎత్తుతున్నదో, ఏ పువ్వు కిందటేడు కంటే పలుచబడిందో వారికి చూడకుండానే తెలుసు. వాలంటీర్లకు ఫ్రెండ్స్ ఆఫ్ నచూసా గ్రాస్‌లాండ్స్ అనే స్వంత సంస్థ కూడా ఉన్నది. అది విరాళాలు సేకరించి, ఈ భూమి మీద పరిశోధన చేసే విద్యార్థులకు కొంత ధనసహాయం చేస్తుంది. నేను చూసినంతలో వచ్చేవారిలో పదవీ విరమణ చేసినవారే ఎక్కువ, మన వయసువారు తక్కువ, మనవారు మరీ తక్కువ.

విత్తనాల సేకరణ ఈ సేవలో అన్నిటికంటే మంచి భాగం. వసంతం చివర మొదలై శరదృతువు ముగిసేదాకా ఏదో ఒక మొక్క గింజ పండుతూనే ఉంటుంది కనుక, ఏ వారం వెళ్ళినా ఆ వారానికి తగిన పని ఉంటుంది. నాయకుడు ముందుగా ఆ రోజు ఏరవలసిన మొక్కను చూపిస్తాడు, పండిన గింజకూ పచ్చి గింజకూ తేడా చెబుతాడు, పోలికలో దగ్గరగా ఉండి మోసం చేసే మరో మొక్కను కూడా చూపిస్తాడు. ఆపైన అందరూ బకెట్లు పట్టుకుని వరుసగా విడిపోతారు. లిటిల్ బ్లూస్టెమ్ వంటి గడ్డి గింజలను కంకి కింద వేళ్ళు బిగించి పైకి దూయాలి. రాటిల్‌స్నేక్ మాస్టర్ వంటివాటి తలలను కత్తెరతో కోయాలి. షూటింగ్ స్టార్ గింజలు దుమ్ములా సన్నగా ఉంటాయి కనుక కాయను వంచకుండా నిలబెట్టి పట్టుకోవాలి, లేకపోతే అన్నీ నేలపాలవుతాయి. అడవి వయొలెట్ కాయలు పండిన క్షణాన పగిలి గింజలను దూరంగా చిమ్ముతాయి. వాటిని పగలడానికి ఒక్క రోజు ముందు పసిగట్టి కోయాలి, ఆ విద్య చూసి నేర్చుకోవలసిందే. గుట్టల మీది సహజమైన ప్రెయిరీలో ఉన్న గింజనంతా ఊడ్చి తేవడానికి ఎవరికీ అనుమతి లేదు. తగినంత అక్కడే వదలాలి.

తెచ్చిన గింజలను కొట్టంలో ఆరబోస్తారు, నూరి, జల్లెడ పట్టి, తూచి, పేరు రాసి పెడతారు. చలికాలానికి ముందు వాటిని కలుపుతారు. ఒక్కొక్క మిశ్రమంలో నూటికి పైగా జాతులు కూడా ఉంటాయి. పొడి నేలకు ఒక మిశ్రమం, తేమ నేలకు ఒకటి, ఓక్ చెట్ల నీడకు మరొకటి. ఎక్కువగా చలికాలంలోనే చల్లుతారు, ఎందుకంటే ఈ గింజలలో చాలావాటికి మంచులో తడిసి చలిని అనుభవిస్తే గాని మొలకెత్తే గుణం రాదు. చల్లిన మొదటి ఏడాది, రెండవ ఏడాది ఆ పొలాన్ని చూసినవాడు ఇది పాడుబడిందనే అనుకుంటాడు, ఎందుకంటే ప్రెయిరీ మొక్కలు ముందు వేరు మీదే శ్రద్ధ పెడతాయి. కంపాస్ ప్లాంట్ వేరు పదిహేను అడుగుల దాకా దిగుతుంది, అది పూవు పూయడానికి ఎన్నో ఏళ్ళు తీసుకుంటుంది. దుకాణాలలో దొరికే రంగురంగుల అడవిపూల విత్తనాల పొట్లాలతో దీనిని పోల్చకూడదు. వాటిలో చాలా పూలు ఈ ఖండానివే కావు, మొదటి ఏడాది విరగబూసి మూడవ ఏటికి కనబడకుండా పోతాయి.

ఇక కలుపు. ఈ పని గురించి సంస్థల కరపత్రాలలో తక్కువగానూ, వాలంటీర్ల మాటల్లో ఎక్కువగానూ వినిపిస్తుంది. జూన్, జూలై నెలల ఎండలో స్వీట్ క్లోవర్‌ను వేరుతో పీకడం నిజంగా నడుము విరిచే చాకిరీ. ఆ మొక్క రెండేళ్ళది. రెండవ ఏట గింజ కట్టకముందే పీకకపోతే, రాలిన గింజ మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది. బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్ వంటి కొన్నింటిని చేత్తో పీకి లాభం లేదు, కలుపుమందు కొట్టాలి. చలికాలంలో హనీసకిల్, బక్‌థార్న్ పొదలను నరికి, మోడుకు మందు పూసి, కొమ్మలను కుప్పవేసి కాలుస్తారు. ప్రకృతి పరిరక్షణ అనే మాట విని అక్కడ రసాయనాల వాసనే ఉండదనుకుని వెళ్ళేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. నా మటుకు నాకు దీనితో పేచీ లేదు. వందేళ్ళు మొక్కజొన్న పండిన నేలను ఊరికే వదిలేస్తే ప్రెయిరీ దానంతట అదే తిరిగి రాదు. వచ్చేది పొదలూ ముళ్ళూ.

వాలంటీరుగా వెళ్ళకపోతే నేను ఎన్నటికీ గమనించి ఉండని మొక్క వుడ్ బెటొనీ. మోకాలెత్తు కూడా లేని ఈ మొక్క వేళ్ళతో పక్క మొక్కల వేళ్ళను పట్టుకుని వాటి సారం పీలుస్తుంది. పొగాకు చేలలో పొగాకు మల్లె అనే కలుపు పట్టి పైరును దిగలాగినట్టు ఇదీ గడ్డిని దిగలాగుతుంది. తేడా ఏమిటంటే దీనికి పచ్చని ఆకులున్నాయి, పూర్తిగా పరాన్నజీవి కాదు. గుంటూరు రైతు శాపనార్థాలు పెట్టే గుణమే ఇక్కడ వరమైంది. మొదట్లో వేసిన ప్రెయిరీలలో బిగ్ బ్లూస్టెమ్ వంటి పొడుగు గడ్డి ఏడెనిమిది అడుగులు పెరిగి, పూలమొక్కలకు వెలుగు దక్కనీయకుండా చేసేది. బెటొనీ ఉన్నచోట ఆ గడ్డి పొట్టిబారి, పలుచబడి, నడుమ పూలకు చోటు దొరుకుతుంది. అందుకే ఇప్పుడు బెటొనీ గింజను ప్రత్యేకంగా ఏరుతారు.

పొడుగు గడ్డిని అదుపులో పెట్టే మరో రెండు సాధనాలు నిప్పు, బైసన్. వసంతంలోనూ శరదృతువులోనూ గాలి, తేమ అనుకూలించిన రోజులలో శిక్షణ పొందిన బృందాలు కొన్ని భాగాలను తగులబెడతాయి. చుట్టూ ముందుగా గడ్డి కోసి అడ్డుదారి చేసి, నిప్పు అంచు వెంట నీటి పంపులతో మనుషులు నడుస్తారు. అన్నీ ఒకేసారి కాల్చరు, ఎందుకంటే ఎండు కాడలలో నిద్రపోతున్న పురుగులకు, సీతాకోకచిలుకల లార్వాలకు కాలని చోటు మిగలాలి. ఈ పనికి శిక్షణ లేనివారిని రానీయరు, అది న్యాయమే. కాలిన పదిహేను రోజులకు నల్లని నేల మీద పచ్చని మొలకలు చూడడానికి మాత్రం ఎవరైనా వెళ్ళవచ్చు.

బైసన్లు 2014 అక్టోబరులో వచ్చాయి. మరుసటి ఏడాది వసంతంలో తొలి దూడ పుట్టింది. ఇప్పుడు మందలో వందకు అటూ ఇటూగా ఉంటాయి, అవి తిరిగే కంచె లోపలి భూమి దాదాపు పదిహేను వందల ఎకరాలు. వాటికి ఎవరూ మేత వేయరు, కొట్టంలో కట్టరు. అవి ప్రధానంగా గడ్డినే మేసి పూలమొక్కలను చాలావరకు వదిలేస్తాయి, దొర్లి దొర్లి నేలలో గుంటలు చేస్తాయి, ఆ గుంటల్లో వాననీరు నిలిచి వేరే రకం మొక్కలు మొలుస్తాయి. పొడుగైన గడ్డి, మేసిన పొట్టి గడ్డి పక్కపక్కనే ఉండడం వలన గ్రాస్‌హాపర్ స్పారో, హెన్స్‌లోస్ స్పారో వంటి వేరువేరు అవసరాలున్న పిట్టలకు రెండింటికీ చోటు దొరుకుతుంది. కంచె లోపలికి సందర్శకులు వెళ్ళకూడదు. మంద రోడ్డు పక్కనే ఉండవచ్చు, మిట్ట అవతల ఉండవచ్చు. అది వాటి ఇష్టం. మూడు మార్కులు అన్నది ఇందుకే. ఖచ్చితంగా దగ్గర నుంచి చూపించాలనుకుంటే బటేవియాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల ఆవరణలో 1969 నుంచి పెంచుతున్న చిన్న మంద ఉన్నది. పైగా 1975లో రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్ర ఆచార్యుడి పూనికతో, అక్కడి కణాల వేగవర్ధక యంత్రపు వలయం నడుమనే వేసిన ప్రెయిరీ కూడా అక్కడ ఉన్నది. నేపర్‌విల్ వారికి అది ఇంటి పక్కనే.

మా మామగారు వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనను కూడా తీసుకువెళ్ళాను. జీవితమంతా పత్తిచేలో గడ్డి పీకించిన మనిషి, పాతికమంది కలిసి బకెట్లలో గడ్డిగింజలు ఏరుతుంటే కాసేపు చూసి, "గడ్డి పెంచడానికి ఇంతమందా అల్లుడూ?" అన్నారు. అయినా పావుగంటలో ఆయన బకెట్టే ముందు నిండింది. తిరుగు ప్రయాణంలో ఆయనే బట్టమేక పిట్ట సంగతి ఎత్తారు. కర్నూలు సీమలోని రోళ్ళపాడులో ఆ పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇటీవలి సంవత్సరాలలో అది అక్కడ దాదాపు కనుమరుగైంది. మన దగ్గర గడ్డిబీళ్ళను ప్రభుత్వ లెక్కలు చాలాచోట్ల బంజరు కిందే జమకడతాయి, ఆ తరువాత చెట్లు నాటి బాగు చేశామంటారు. గడ్డి మీదే బతికే పిట్టకు చెట్ల నీడ ఏం చేసుకోవాలి? నచూసాలో మాత్రం ప్రెయిరీని కమ్ముకునే చెట్లను నరకడానికి ఎవరూ వెనుకాడరు. ఆ తెగింపు నాకు నచ్చింది.

విమర్శ లేకుండా ఈ సమీక్షను ముగించలేను. అరమార్కు తగ్గించినది ఎందుకంటే, వేసిన ప్రెయిరీ ఎంత బాగున్నా అది గుట్ట మీది ప్రెయిరీ కాదు. స్టోన్ బార్న్ రోడ్డు వైపు, క్లియర్ క్రీక్ గుట్టల మీద కొంతసేపు నడిచి, పక్కనే పాతికేళ్ళ కిందట వేసిన పొలంలోకి దిగితే ఆ తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది. గుట్ట మీద మొక్కలు పొట్టిగా, చిక్కగా, అడుగు అడుగుకూ వేరే జాతితో కలిసిపోయి ఉంటాయి. ఏప్రిల్‌లో పాస్క్ పూలు రాళ్ళ మధ్య నుంచి తొంగిచూస్తాయి. కింది పొలంలో జాతుల జాబితా దాదాపు అదే అయినా, అవి గుంపులు గుంపులుగా, కొంత బండగా ఉంటాయి. మట్టి లోపలి శిలీంధ్రాలు, చీమలు, పురుగులు ఒక మనిషి జీవితకాలంలో తిరిగి కుదురుకోవు. ఇక్కడివారు ఈ మాటను దాచరు. మిగిలిన గుట్టలను కాపాడడమే మొదటి పని, కొత్తవి వేయడం రెండవదని వారే చెబుతారు. అయితే సందర్శకుల కేంద్రం దగ్గరి ఫలకాలు చదివి వెళ్ళిపోయేవారికి ఈ తేడా అంత స్పష్టంగా అందదు. గుట్ట ఏది, పొలం ఏది అన్నది నేల మీదే చూపించే చిన్న గుర్తులుంటే బాగుంటుంది.

ప్రవేశ రుసుము లేదు. కంచె బయట ఉన్న భూమిలో కాలిబాటలోనే నడవాలన్న నిబంధన లేదు, ఎటైనా నడవవచ్చు. ఇది అమెరికాలో అరుదైన స్వేచ్ఛ. కుక్కలను తీసుకురాకూడదు. నీడ చాలా తక్కువ, కనుక నీళ్ళు, టోపీ మన బాధ్యత. పిడుదుల బెడద ఉన్నది: పొడుగు ప్యాంటు వేసుకుని, దాని అంచులను మేజోళ్ళలోకి దోపుకుని, ఇంటికి వచ్చాక పిల్లల ఒళ్ళు తప్పనిసరిగా వెతకాలి. చీరతోనో చుడీదారుతోనో వెళితే గింజలన్నీ బట్టకే అంటుకుంటాయి. తినడానికి అక్కడ ఏమీ దొరకదు కాబట్టి పులిహోర కట్టుకుపోవడమే మేలు.

పూల కోసం వెళ్ళేవారికి మే మధ్యలో షూటింగ్ స్టార్, జూన్ చివర లేత ఊదారంగు కోన్‌ఫ్లవర్, జూలై చివర నుంచి బ్లేజింగ్ స్టార్. బ్లేజింగ్ స్టార్ పూల మీద మొనార్క్ సీతాకోకచిలుకలు ముసురుతాయి. సెప్టెంబరులో బిగ్ బ్లూస్టెమ్ ఎర్రబారి మనిషెత్తు దాటుతుంది. ఆ నెలలోనే వాలంటీర్లు సందర్శకుల కోసం ఒక పండుగ కూడా జరుపుతారు, మొదటిసారి వెళ్ళేవారికి ఆ రోజు బాగా అనుకూలం.

జోలియట్ దగ్గర మిడెవిన్ నేషనల్ టాల్‌గ్రాస్ ప్రెయిరీ గురించి కూడా అడుగుతుంటారు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మందుగుండు తయారు చేసిన సైనిక కర్మాగారపు భూమి. 1996లో చట్టం ద్వారా దీనిని ఏర్పాటు చేసి ఫారెస్ట్ సర్వీసు (కేంద్ర అటవీ శాఖ) చేతికి ఇచ్చారు, పద్దెనిమిది వేల ఎకరాలకు పైనే ఉంటుంది. మట్టి కప్పిన పాత మందుగుండు గిడ్డంగులు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలకు అవి బాగా నచ్చుతాయి. సైకిలు తొక్కడానికి, దూరం నడవడానికి మిడెవినే మెరుగు. మొక్కలను దగ్గరగా తెలుసుకోవాలంటే నచూసా.

పనికి వెళ్ళదలచుకున్నవారు శనివారపు కార్యక్రమాల పట్టికను ముందుగా చూసుకుని, ఆ రోజు నాయకుడికి ఒక మాట తెలియజేసి వెళ్ళాలి. చేతి తొడుగులు, బకెట్లు, కత్తెరలు వారే ఇస్తారు. మొదటిసారికి సెప్టెంబరు, అక్టోబరు నెలల విత్తనాల సేకరణ ఎంచుకోవడం మంచిది. పిల్లలు కూడా చేయగలిగిన పని అదే. జనవరిలో పొదలు నరికే పని ఒళ్ళు గట్టిగా ఉన్నవారికి, చలికి వెరవనివారికి బాగుంటుంది. స్వీట్ క్లోవర్ పీకే జూలై శనివారాన్ని మాత్రం ఎవరికీ మొదటి రోజుగా సిఫారసు చేయను.